ముసుగు వెనుక అయ్యగారు

మెక్సికో రాజధానికి తూర్పున తెస్కోకో అనే ఊరుంది. ఆ ప్రాంతంలోని ఒక చర్చిలో తీసిన ఫోటో ఇది. బలిపీఠం వెనుక ఒక గురువు నిలబడి ఉన్నారు. తెల్లని అంగీ ఉంది, మెడ మీదుగా జారే పట్టీ ఉంది, చేతుల్లో రొట్టె ఉంది. ముఖం మాత్రం కనబడదు. ముఖం ఉండవలసిన చోట బంగారు రంగు ముసుగు, దాని మీద ఎర్రటి గుర్తులు, తల వెనకాల తాళ్లతో బిగించిన ముడి. కుస్తీ గోదాలో మల్లయోధులు వేసుకునే ముసుగు అది.

ఈ ఫోటో మొదటిసారి చూసినప్పుడు మాకు నవ్వొచ్చింది. నవ్వు ఆగిన తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది. ప్రభువు బల్ల దగ్గర ఈ వేషమేమిటి అనిపించింది. సంఘంలో నలుగురికి చూపిస్తే వాళ్లూ నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, 'ఈయన ఎందుకు దాక్కున్నాడో కనుక్కోండి అయ్యగారూ' అన్నారు. ఆ మాట పట్టుకునే మేము ఆయన సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాం.

ఆయన పేరు సెర్హియో గుతియెర్రెస్ బెనీతెస్. 1945లో మెక్సికోలోని ఇదాల్గో రాష్ట్రంలో పుట్టారు. రోమన్ కథోలిక గురువు. కానీ మెక్సికోలో ఆ పేరు చెబితే చాలామందికి తెలియదు. గోదా మీద ఆయన పెట్టుకున్న పేరు 'ఫ్రాయ్ తోర్మెంతా'. 'ఫ్రాయ్' అంటే మఠంలో ఉండే సహోదరుడు, 'తోర్మెంతా' అంటే తుఫాను. తుఫాను బ్రదర్ అనుకోవచ్చు. దాదాపు 23 సంవత్సరాలు ఆయన ముసుగు వేసుకుని డబ్బు కోసం కుస్తీలు పట్టారు. ఆ డబ్బుతో తల్లీతండ్రీ లేని పిల్లలకు అన్నం పెట్టారు.

ఇది సరిగా అర్థం కావాలంటే ముందు మెక్సికో కుస్తీ గురించి కొంచెం చెప్పాలి. దాన్ని అక్కడ 'లుచా లీబ్రే' అంటారు. మన పిల్లలు టీవీలో చూసి ఇంట్లో పరుపుల మీద ఒకరినొకరు పడేసుకునే కుస్తీకి అది దగ్గరి చుట్టమే. ఆ టీవీ కుస్తీల్లో ముసుగుతో ఎగిరి దూకే రే మిస్టీరియో పేరు మన ఊళ్లలో చాలామంది కుర్రాళ్లకు తెలుసు. అతను పుట్టింది అమెరికాలోనే అయినా మెక్సికో కుటుంబం వాడు. ఆ ముసుగు ఆ సంప్రదాయం నుంచి వచ్చిందే.

మెక్సికోలో సాల్వదోర్ లుతెరోత్ అనే ఆయన 1933లో ఒక కుస్తీ కంపెనీ మొదలుపెట్టాడు. ముసుగులు కూడా దాదాపు అప్పుడే వచ్చాయి. అక్కడికి వచ్చిన ఒక అమెరికన్ మల్లయోధుడు తనకు ముసుగు కావాలని అడిగితే, అంతోనియో మార్తీనెస్ అనే చెప్పులు కుట్టే ఆయన తోలుతో ఒకటి కుట్టి ఇచ్చాడు. బూట్లు కుట్టే చేతులే ఆ తర్వాత మెక్సికో మల్లయోధులందరికీ ముఖాలు కుట్టి పెట్టాయి. అపొస్తలుడైన పౌలు కూడా గుడారాలు కుట్టేవాడు గనుక ఈ సంగతి చదివి మేము కాసేపు ఆగాం. దీనికీ దానికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే ఆగాం.

ముసుగు అనగానే మెక్సికోలో మొదట చెప్పుకునే పేరు ఎల్ సాంతో. 'పరిశుద్ధుడు' అని అర్థం. 1942 జూలైలో రాజధానిలో వెండి రంగు ముసుగుతో మొదటిసారి ఆ పేరు మీద గోదాలోకి దిగాడు. విచిత్రమేమిటంటే పేరు పరిశుద్ధుడే గానీ చాలా ఏళ్లు అతను ఆడింది దుర్మార్గుడి పాత్ర. లుచా లీబ్రేలో మంచి పక్షం, చెడ్డ పక్షం అని రెండుంటాయి. చెడ్డ పక్షం వాళ్లు నియమాలు తప్పుతారు, రిఫరీ చూడనప్పుడు దొంగదెబ్బ తీస్తారు. అలా మొదలైన అతను పోను పోను మంచి పక్షానికి మారి, 50కి పైగా సినిమాల్లో నటించి, పిల్లల బొమ్మల కథల్లో నాయకుడై, దేశం మొత్తానికి ఆరాధ్యుడయ్యాడు. ముసుగు మాత్రం ఎక్కడా తీయలేదు. 1984 జనవరి చివర్లో ఒక టీవీ కార్యక్రమంలో కొంచెం పైకెత్తి ముఖం చూపించాడు. వారం రోజులకే, ఫిబ్రవరి 5న గుండెపోటుతో చనిపోయాడు. ముసుగుతోనే సమాధి చేశారు. తమకు తెలిసిన ఆ ముఖంతోనే అతన్ని సాగనంపాలని జనం కోరుకున్నారు కాబోలు.

ఆ గోదాలో ముసుగుకు ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడి ముసుగు లాగేస్తే ఆట నుంచి తప్పిస్తారు. ఇద్దరూ ముసుగులు పందెం కాసి దిగే కుస్తీలు మాత్రం వేరు. అందులో ఓడినవాడు వేలమంది ముందు ముసుగు తీసి, తన అసలు పేరు, పుట్టిన ఊరు, ఎన్నేళ్లుగా కుస్తీ పడుతున్నదీ తన నోటితో చెప్పాలి. ఆ తర్వాత ఆ ముసుగు మళ్లీ పెట్టుకోకూడదు. ఎవరు గెలవాలో ముందే అనుకుని చేసే కుస్తీలే ఇవన్నీ అని పెద్దవాళ్లకు తెలుసు. అయినా ఆ క్షణంలో స్టేడియంలో ఏడ్చేవాళ్లు ఉంటారు. పైగా గెలుపోటములు ముందే అనుకున్నవైనా దెబ్బలు ముందే అనుకున్నవి కావు. పైతాళ్ల మీద నుంచి దూకినవాడు పడేది గట్టి నేల మీదే. పక్కటెముకలకు నాటకం తెలియదు.

ఇప్పుడు సెర్హియో దగ్గరికి వద్దాం.

యవ్వనంలో ఆయన మత్తుమందులకు బానిసయ్యారు. ఇది శత్రువులు చెప్పింది కాదు, ఆయన తానే ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి. ఆ ఊబిలో నుంచి బయటపడాలని ఒకరోజు ఒక చర్చికి వెళ్లి, అక్కడి గురువును సహాయం అడిగారట. ఆ గురువు ఆయన్ను గెంటేశాడట. మరొకడైతే అక్కడితో దేవుడికీ తనకూ తెగిపోయిందనుకునేవాడు. సెర్హియోకు మాత్రం పట్టుదల పుట్టింది. 'గురువు ఎలా ఉండకూడదో ఈయన చూపించాడు, ఎలా ఉండాలో నేను చూపిస్తాను' అన్న పట్టుదల లాంటిది. ఏ వాక్యం మారుమనస్సు తెచ్చింది అని మనం సాక్ష్యాల్లో అడుగుతుంటాం. ఈయన విషయంలో మలుపు తిప్పింది ఒక సేవకుడి కాఠిన్యం.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. సేవలోకి వచ్చిన కొత్తలో, ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిశాక మందిరం తలుపులు వేస్తున్నాం. బయట సన్నగా వాన. గుమ్మం దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. తూలుతున్నాడు. సారా వాసన గుప్పుమంటోంది. 'అయ్యగారూ, నాకోసం ప్రార్థన చెయ్యండి' అన్నాడు. లోపల సంఘంలోని అక్కలు ఇంకా చాపలు చుడుతున్నారు. 'ఈ స్థితిలో కాదు నాయనా. ఆదివారం స్నానం చేసి శుభ్రంగా రా, చేస్తాం' అన్నాం. కోప్పడలేదు. గెంటలేదు. మర్యాదగానే చెప్పాం. అతనూ మర్యాదగానే తల ఊపి, వానలోకి వెళ్లిపోయాడు. ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

సెర్హియో కథలోని ఆ గురువును చదువరులు తిట్టుకుంటుంటే మాకు ఆయన ముఖం ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

మత్తు వదిలించుకున్న సెర్హియో పియరిస్టు అనే సభలో చేరారు. స్పెయిన్ దేశస్థుడైన జోసెఫ్ కలసాన్స్ 1597లో రోమ్ నగరంలో పేదపిల్లల కోసం ఉచితంగా బడి తెరిచాడు. ఆ బడిలోంచి పుట్టిన సభ అది. చదువులేని పేదపిల్లవాడికి అక్షరం నేర్పడమే దేవుని సేవ అనుకున్న వారసత్వం. సెర్హియోకు ఆ వారసత్వం బాగా అబ్బినట్టుంది. 1970లలో గురువుగా అభిషేకం పొందాక ఆయన మనసు వీధిపిల్లల మీదికే పోయింది. తాగుబోతుల ఇళ్లనుంచి పారిపోయిన పిల్లలు, ఎవరూ లేని పిల్లలు, జిగురు పీల్చి మత్తులో పడి ఉండే పిల్లలు. ఆ మత్తు ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

పిల్లల్ని చేరదీయడం ఒక్కరోజు పని. అన్నం పెట్టడం ప్రతిరోజూ పని. అనాథాశ్రమం నడిపిన ప్రతి సేవకుడికీ ఇది తెలుసు. సోమవారం బియ్యం వస్తే గురువారానికి అయిపోతాయి. ఒకడికి జ్వరం, ఇంకొకడికి చెప్పుల్లేవు, మూడోవాడికి బడి ఫీజు. ప్రార్థన చేస్తాం, దేవుడు వింటాడు, కానీ కిరాణా కొట్టువాడు మొదటి తేదీన వస్తాడు. కలిగినవాళ్లను అడిగితే సానుభూతి చాలా ఇస్తారు.

ఆ కష్టంలో ఆయనకు రెండు పాత సినిమాలు గుర్తొచ్చాయి. 1960లలో మెక్సికోలో వచ్చినవి. 'ఎల్ సెన్యోర్ తోర్మెంతా' అని ఒకటి, దానికి తర్వాయిగా మరొకటి. అనాథపిల్లల్ని పోషించడానికి ముసుగు వేసుకుని కుస్తీకి దిగే ఒక పేదగురువు కథ అందులో ఉంది. అది కథే. ఎవరో రచయిత కూర్చుని అల్లింది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లి భోజనం చేసి పడుకుని ఉంటారు. సెర్హియో మాత్రం దాన్ని ఒక ఉపాయంగా చూశారు. తోర్మెంతా అన్న పేరును కూడా అక్కడినుంచే తీసుకున్నారు.

ఆయన కుస్తీ నేర్చుకున్నారు. గురువుగారు అప్పటికి పసివాడేమీ కాదు. కండలు తిరిగిన వీరుడూ కాదు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చిన్న చిన్న ఊళ్లలో, సంతల్లో, రేకుల షెడ్లలో జరిగే కుస్తీల్లో మొదలుపెట్టారు. మెక్సికో కుస్తీ అంటే ఎల్ సాంతో సంపాదించిన కీర్తే మనకు కనిపిస్తుంది గానీ, నూటికి తొంభైమంది మల్లయోధులు పగలు ఇంకో పని చేసుకుంటూ రాత్రి కొద్దిపాటి డబ్బుకు నడుం విరగ్గొట్టుకునేవాళ్లే. సెర్హియో పగటి పని చర్చి. రాత్రి గోదా మీద దెబ్బలు తిని, తెల్లవారి అదే ఒంటితో ఆరాధన జరిపించడం. మోకాళ్ల మీద నిలబడేటప్పుడు నొప్పి తెలియకుండా ముఖం పెట్టడం ఎంత కష్టమో మేము ఊహించుకోగలం. మా మోకాళ్లు ఏ కుస్తీ పట్టకుండానే ఏభై దాటాక మొరాయిస్తున్నాయి.

ముసుగు ఆయనకు అలంకారం కాదు, అవసరం. గురువు కుస్తీ పడుతున్నాడని తెలిస్తే సంఘ పెద్దలు ఒప్పుకోరు. గురువని తెలిస్తే కుస్తీలో ఎదుటివాడు చెయ్యెత్తలేడు. జనం కూడా ఈలలు వేయలేరు, తిట్టలేరు. అప్పుడు టిక్కెట్టు ఎవరు కొంటారు? అందుకని రెండువైపులా దాచారు.

ఇక్కడే మాకు మత్తయి సువార్త 6వ అధ్యాయం గుర్తొచ్చింది. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకునేవాళ్ల గురించి ప్రభువు చెప్పిన చోట మన తెలుగు బైబిల్లో 'వేషధారులు' అనే మాట ఉంది. మూలభాషయిన గ్రీకులో 'హుపొక్రితేస్' అన్న మాట అది. నాటకంలో వేషం కట్టే నటుడికి గ్రీకులు వాడిన పేరు. ఆ కాలపు నటులు ముఖానికి పెద్ద ముసుగు తొడుక్కునే రంగం మీదికి వచ్చేవారు. మన అనువాదకులు ఎంత చక్కని మాట పట్టుకున్నారో చూడండి. వేషధారి అంటే వేషం వేసుకున్నవాడు. అంతే. తిట్టు కాదు, ఒక వృత్తి పేరు. ప్రభువు నోట పడ్డాక అది తిట్టయింది.

మరి తెస్కోకో గురువు వేషధారేనా? మాట ప్రకారం చూస్తే ఆయనకంటే అసలైన వేషధారి మరొకడుండడు. ముసుగు ఉంది, రంగం ఉంది, ముందే అనుకున్న కథ ఉంది, చూసే జనం ఉన్నారు. కానీ ప్రభువు చెప్పిన వేషధారి ముసుగు వేసుకునేది తాను ఉన్నదానికంటే పెద్దగా కనబడడానికి. ఈయన వేసుకున్నది చిన్నగా కనబడడానికి. వీధిలో 'ఫాదర్' అని చేతులు ముద్దుపెట్టుకునే జనమే ముసుగు చూసి తిట్టేవారు. నిన్న తనను ఓడించమని కేకలు పెట్టినవాడే తెల్లవారి వచ్చి తన చేతుల మీద రొట్టె తీసుకుని ఉండొచ్చు. వాడికి తెలియదు, ఈయనకు తెలుసు.

మన దగ్గర ఎలా ఉంటుందో చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది. పది దుప్పట్లు పంచితే పదకొండు ఫోటోలు. పిల్లవాడి చేతిలో పలక పెట్టి, ఆ పలక మీద చెయ్యి వేసి, కెమెరా వైపు తిరిగి నిలబడటం మేమూ చేశాం. కానుక ఇచ్చినవాళ్లకు లెక్క చూపించాలి గదా అని సర్దిచెప్పుకున్నాం. లెక్క చూపించవలసిందే, అందులో తప్పులేదు. అయితే ఆ ఫోటోల్లో మా తల కొంచెం మధ్యకు ఎందుకు వచ్చేదో ఏ లెక్కా చెప్పదు.

అలాగని ఈ గురువును ఆకాశానికి ఎత్తడం మా ఉద్దేశం కాదు. కథోలిక సంఘానికీ మనకూ సిద్ధాంతంలో ఉన్న తేడాలు చిన్నవి కావు, వాటిని ఈ కథ చెరిపేయదు. అది పక్కనపెట్టినా ఆయన చేసినదాని మీద మాకే ప్రశ్నలున్నాయి. మనిషి మనిషిని కొట్టడం చూసి జనం కేరింతలు కొట్టే చోట దేవుని సేవకుడికి ఏం పని? ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో మన పోరాటం రక్తమాంసాలతో కాదని పౌలు రాసినచోట గ్రీకులో వాడిన మాట 'పాలే'. అంటే సరిగ్గా కుస్తీయే. మన కుస్తీ మనుషులతో కాదు అన్నాడు. ఈయనదేమో రాత్రికో మనిషితో. పైగా సంఘానికి తెలియకుండా ఇంకో బతుకు బతకడం అబద్ధం కాదా? మా సెమినరీ రోజుల్లో ఈ ప్రశ్న ఇచ్చి ఉంటే నీతిశాస్త్రం పరీక్షలో నాలుగు పేజీలు రాసి, 'కాబట్టి ఇది సరికాదు' అని గీత గీసి ఉండేవాళ్లం. మంచి మార్కులే వచ్చి ఉండేవి.

ఇప్పుడు అంత ధైర్యంగా గీత గీయలేం. ఎందుకంటే ఆ పరీక్షాపత్రంలో ఒక సంగతి ఉండదు. సాయంత్రం ఆరింటికి గిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లలు ఉండరు. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయం చివర్లో నిజమైన భక్తి ఏమిటో చెబుతూ అనాథల్ని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో ఆదుకోవడాన్ని ముందు పెట్టాడు. ఈ లోకపు మచ్చ అంటకుండా కాపాడుకోవడం ఆ వెంటనే చెప్పాడు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మనలో కొందరం రెండోదాన్ని చక్కగా పాటించి మొదటిదాన్ని మరిచిపోతాం. ఈయన మొదటిదాని కోసం రెండోదాన్ని పణంగా పెట్టారేమో. తీర్పు ప్రభువుది.

దాచినది ఎంతకాలమో దాగదు. తోటి మల్లయోధుడు ఉరకాన్ రమీరెస్ ఆయన్ను గుర్తుపట్టారు. ఉరకాన్ రమీరెస్ కూడా ముసుగు మనిషే. తమాషా ఏమిటంటే ఆ పేరూ 1952 నాటి ఒక సినిమాలోంచి వచ్చిందే. గోదా మీద తనతో పట్టుపట్టిన మనిషి చర్చిలో అంగీ తొడుక్కుని కనబడితే ఎవరైనా ఊరుకుంటారా? మాట పాకింది. మల్లయోధులకు తెలిసింది, పత్రికలకు తెలిసింది, సంఘ పెద్దలకూ తెలిసింది. పెద్దల్లో అందరికీ ఇది నచ్చలేదు. అయినా ఆయన గురువుగానూ ఉన్నారు, గోదానూ వదల్లేదు. రహస్యం పోయాక కూడా ముసుగు మాత్రం పోలేదు. అప్పటిదాకా గోదాలో మాత్రమే వేసుకున్నది బలిపీఠం దగ్గరికి కూడా వచ్చేసింది. మేము మొదట చెప్పిన ఫోటో ఆ తర్వాతి కాలానిదే.

ఈ మార్పు మాకు పూర్తిగా మింగుడుపడలేదని ఒప్పుకోవాలి. దాచడానికి పెట్టుకున్న ముసుగు చూపించడానికి పనికొచ్చింది. అది చూడడానికే జనం వచ్చారు, వచ్చినవాళ్లు పిల్లలకు ఎంతో కొంత ఇచ్చిపోయారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట దగ్గర మొదలైన మనిషి, రెండు చేతులూ దేశమంతటికీ తెలిసేచోట తేలారు. అది ఆయన కోరుకున్నదో, పిల్లల ఆకలి నెట్టుకొచ్చిందో బయటినుంచి చెప్పలేం.

పేరు మాత్రం దేశాలు దాటింది. 1991లో ఫ్రెంచి నటుడు జాన్ రెనో బంగారు ముసుగు గురువుగా ఒక సినిమా వచ్చింది. 2006లో హాలీవుడ్‌లో జాక్ బ్లాక్ నటించిన 'నాచో లీబ్రే' వచ్చింది. అనాథాశ్రమంలో వంటచేసే ఒక బ్రదర్, పిల్లలకు మంచి భోజనం పెట్టాలని దొంగచాటుగా కుస్తీకి వెళ్లడం అందులో కథ. నవ్వుల సినిమా. అసలు గురువు జీవితంలో నవ్వులు అంతగా లేవు. 1994లో జపాన్‌లో తయారైన 'టెక్కెన్' అనే వీడియో గేమ్‌లో కింగ్ అనే పాత్రకు చిరుతపులి లాంటి ముసుగు, వెనకాల అనాథాశ్రమం, కుస్తీలో వచ్చిన డబ్బంతా పిల్లలకే. ఆ పాత్రకు ఒరవడి ఈయనే అంటారు. మన పిల్లలు కూడా ఆ గేమ్ ఆడారు. బటన్లు నొక్కి కింగ్‌ను కొట్టించినవాళ్లకు అతని వెనకాల ఇలాంటి మనిషి ఉన్నాడని తెలిసి ఉండదు.

జపాన్ పేరు వచ్చింది గనుక అక్కడిదే ఇంకొక సంగతి. ముసుగు మల్లయోధుడు, అనాథపిల్లలు అన్న కథ వాళ్లకు అంతకుముందే ఉంది. 1968లో 'టైగర్ మాస్క్' అనే బొమ్మల కథ మొదలైంది. నావోతో దాతె అనే యువకుడు తాను పెరిగిన ఆశ్రమానికి తన కుస్తీ సంపాదన రహస్యంగా ఇస్తుంటాడు. 2010 క్రిస్మస్ రోజున మయెబాషి పట్టణంలోని ఒక శిశుసంక్షేమ కార్యాలయం గుమ్మం దగ్గర పది కొత్త బడిసంచులు కనబడ్డాయి. ఇచ్చినవారి పేరు ఉండవలసిన చోట 'నావోతో దాతె' అని ఉంది. ఆ కథానాయకుడి పేరు. ఆ వార్త పత్రికల్లో వచ్చాక వారాల వ్యవధిలో దేశం నలుమూలలా అదే పేరుతో సంచులు, బొమ్మలు, డబ్బు పిల్లల ఆశ్రమాల గుమ్మాల ముందు కనబడసాగాయి. ఇచ్చినవాళ్లెవరో ఎవరికీ తెలియదు. ఆ సంచులు పెట్టిన మొదటి మనిషి ఆరేళ్ల తర్వాతగానీ బయటపడలేదు. క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడా లేని దేశంలో, క్రిస్మస్ నాడు.

తెస్కోకో పిల్లల్ని ఆయన తన 'కచోర్రోస్' అని పిలుచుకున్నారు. అంటే పిల్లకూనలు. తన ఆశ్రమంలో పెరిగినవాళ్లు 2,000 మందికి పైనే అని ఆయన లెక్క. వాళ్లలో వైద్యులున్నారు, ఉపాధ్యాయులున్నారు, న్యాయవాదులున్నారు అని పిలిచి అడిగినవాళ్లకు చెప్పుకునేవారు. మల్లయోధుడు తాను గెలిచిన కుస్తీలు చెప్పుకుంటాడు. ఈయన నోట గోదా కంటే ఎక్కువగా వచ్చింది ఈ పట్టికే. వీధిలో ఉన్నప్పుడు ఆ పిల్లల్ని జనం పిలిచింది 'ఒరేయ్' లాంటి మాటలతోనే. ఆశ్రమానికి వచ్చాక పుస్తకంలో పేరు రాయాలి, పుట్టిన ఊరు రాయాలి, వయసు రాయాలి. గోదా మీద ఓడిపోయిన మల్లయోధుడు చెప్పవలసిన వివరాలు కూడా దాదాపు అవే. అక్కడ అది అవమానం. ఇక్కడ ఆ పిల్లవాడి పేరును ఎవరో మొదటిసారి కాగితం మీద పెట్టడం.

బైబిల్లో కుస్తీ అంటే మనకు గుర్తొచ్చేది యాకోబు. ఆదికాండము 27లో అతను కూడా వేషధారే. మేకతోలు చేతులకూ మెడకూ చుట్టుకుని గుడ్డివాడైన తండ్రి ముందు నిలబడి, పేరు అడిగితే అన్న పేరు చెప్పాడు. ఆశీర్వాదం దొరికింది, ఇల్లు పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత 32వ అధ్యాయంలో యబ్బోకు రేవు దగ్గర ఒంటరిగా, చీకట్లో, తెల్లవారేదాకా ఒకరితో పెనుగులాడాడు. తొడ కీలు తప్పింది. అయినా ఉడుంపట్టు వదల్లేదు. అప్పుడు ఎదుటివాడు అతన్ని అడిగింది ఒక్కటే. నీ పేరేమిటి అని. ఆశీర్వదించేముందు ఆయన పేరు అడిగాడు. ఈసారి యాకోబు అన్న పేరు చెప్పలేదు. తన పేరే చెప్పాడు. ఈ భాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. పట్టువిడవని ప్రార్థన గురించి చెప్పాం, కుంటుతూ నడిచిన విశ్వాసం గురించి చెప్పాం. ఆ ప్రశ్న దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

ఆ వానరాత్రి తర్వాత రెండు వారాలకు మాకు మనసు ఒప్పక, ఆ కుర్రవాడి కోసం వెతికాం. కల్లు దుకాణం దగ్గర అడిగాం. రిక్షాస్టాండులో అడిగాం. పక్క పేటలో నాలుగిళ్లు తిరిగాం. సన్నగా ఉంటాడు, నీలం చొక్కా అని చెబుతుంటే వాళ్లందరూ ఒకే మాట తిరిగి అడిగారు.

'పేరేంటి అయ్యగారూ?'

మేము అడగలేదు.